కార్డులు మూడు, పరిమితి ఒక్కటే

మహబూబ్‌నగర్ నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. ఆమెను గుర్తుపట్టే వివరాలు తీసేసి, సారాంశం ఇక్కడ ఇస్తున్నాను.

ఆమెకు 38 ఏళ్లు. ప్రైవేటు పాఠశాలలో ఉపాధ్యాయురాలు. భర్త జడ్చర్ల దగ్గర మందుల కంపెనీలో పనిచేస్తారు. ఇద్దరు పిల్లలు, అత్తగారు ఇంట్లో ఉంటారు. జీతం పడే బ్యాంకే 2020లో ఆమెకు మొదటి క్రెడిట్ కార్డు ఇచ్చింది. పరిమితి 1,20,000 రూపాయలు. ఇంటి సరుకులు, పిల్లల పుస్తకాలు దానిమీదే కొని, ప్రతి నెలా పూర్తిగా కట్టేవారు. తర్వాత అదే బ్యాంకు వాళ్లు ఫోను చేసి, యూపీఐకి పనికొస్తుందని రూపే కార్డు ఇచ్చారు. ఆ తర్వాత పాస్‌బుక్ పని మీద బ్యాంకుకు వెళితే మూడో కార్డు అంటగట్టారు. అది కవరులోంచి తీయకుండానే బీరువాలో ఉంది. యాప్‌లో మూడు కార్డులకూ 1,20,000 అనే చూపిస్తుంటే, తనకు మూడు లక్షల అరవై వేల వెసులుబాటు ఉందని అనుకున్నారు.

దేవరకద్ర దగ్గర వ్యవసాయం చేసే తమ్ముడు, బోరు మోటారు కాలిపోయిందని, పైపులు కూడా మార్చాలని వచ్చి అడిగితే రెండో కార్డు ఇచ్చి పిన్ చెప్పారు. 92,000 అయింది. వేరుశనగ అమ్మగానే కడతానన్నాడు. పంట అమ్మాడు గానీ దిగుబడి తగ్గి, వచ్చిన డబ్బు ఎరువుల దుకాణం బాకీకే సరిపోయిందన్నాడు. ఎనిమిది నెలలుగా ఆ కార్డుకు నెలకు 4,600 చొప్పున కనీస మొత్తం ఈమే కడుతున్నారు. భర్తకు తెలియదు. ఈలోగా అత్తగారిని ఆసుపత్రిలో చేర్చి 22,000 కట్టబోతే మొదటి కార్డు చెల్లలేదు. పక్కనే నిలబడ్డ భర్త ఆశ్చర్యపోయారు. యంత్రం పాడైందని ఈమె సర్దిచెప్పారు. ఒక నెల మొదటి కార్డుకు కట్టాల్సిన 6,200 పొరపాటున మూడో కార్డుకు కట్టారు. మొదటి దానికి ఆలస్య రుసుము పడింది. వాడని మూడో కార్డుకు 590 రూపాయల వార్షిక రుసుము వేశారు. వచ్చే ఏడాది ఇంటి రుణానికి ఇద్దరూ కలిసి దరఖాస్తు చేయాలని భర్త అనుకుంటున్నారు.

ఆమె అడిగినవి ఇవి. మూడు కార్డులూ మూసేయాలా? ఇంకో బ్యాంకు కార్డు తీసుకుని, సహోద్యోగి చెప్పినట్టు దుకాణంలో స్వైప్ చేయించి నగదు తీసుకుని ఈ బాకీ కట్టేయవచ్చా? తమ్ముడిని గట్టిగా అడగవచ్చా? "ఇంటి ఆడపిల్ల తమ్ముడి దగ్గర లెక్కలు అడుగుతుందా" అని అమ్మ అంటోంది. "రాఖీ కట్టిన చేత్తో నోటు రాయించుకోవాలా?" అని ఉత్తరం ముగించారు.

అమ్మా, మీరు ఎనిమిది నెలలుగా ఈ బరువు ఒక్కరే మోస్తున్నారు. ముందు ధైర్యం చెప్పాలనిపిస్తోంది. లెక్క వేసి చూశాను. మీ జీతంతో ఇది తీర్చగల బాకీయే. ఇప్పుడు కడుతున్న పద్ధతిలో మాత్రం చాలా ఏళ్లకు గానీ తీరదు.

ఆసుపత్రిలో కార్డు ఎందుకు చెల్లలేదో మొదట చూద్దాం. మన బ్యాంకుల్లో చాలావరకు ఒకే ఖాతాదారుకు రెండో కార్డు, మూడో కార్డు ఇచ్చినప్పుడు కొత్తగా పరిమితి ఇవ్వవు, ఉన్నదాన్నే అన్ని కార్డులకూ ఉమ్మడి చేస్తాయి. ఒకే ట్యాంకుకు మూడు నల్లాలు బిగించినట్టు. యాప్‌లో ప్రతి కార్డు కింద 1,20,000 అని కనిపించేది ఆ ఒక్క ట్యాంకే. మీ తమ్ముడి 92,000, మీ ఇంటి ఖర్చులు పోగా ఆ రోజు 22,000 మిగిలి ఉండదు. బ్యాంకును ఒక్క మాట అడిగి నిర్ధారించుకోండి: "నా కార్డుల పరిమితి ఉమ్మడిగా ఉందా, విడివిడిగా ఉందా?" కొన్ని బ్యాంకులు కొన్ని కార్డులకు విడి పరిమితి ఇస్తాయి కాబట్టి ఆ జవాబు రాతపూర్వకంగా, కనీసం ఈమెయిల్‌లోనైనా తీసుకోవడం మంచిది.

పరిమితి ఉమ్మడిదైనా బాకీలు ఉమ్మడివి కావు. ఏ కార్డు నంబరు, బిల్లు, గడువు తేదీ దానివే. మీ 6,200 విషయంలో జరిగింది ఇదే. మూడో కార్డులో ఆ డబ్బు నిల్వగా పడి ఉంటుంది, మొదటి కార్డు బాకీకి దానంతట అది వెళ్లదు. కస్టమర్ కేర్‌కు ఫోను చేసి ఆ నిల్వను మీ పొదుపు ఖాతాకు గానీ, మొదటి కార్డుకు గానీ మార్చమని అడగండి. అలాగే ఆలస్య రుసుము రద్దు చేయమని కోరండి, డబ్బు సమయానికే బ్యాంకుకు చేరిందని చూపించండి. ఇంతకుముందు ఏనాడూ తప్పని ఖాతాదారుకు బ్యాంకులు ఒకసారి సడలింపు ఇవ్వడం మామూలే. గడువు దాటి మూడు రోజులకు మించితేనే ఆలస్య రుసుము వేయాలన్న నిబంధన కూడా ఉంది. పొరపాటును మీరు ఎన్నో రోజున సరిదిద్దారో బిల్లులో చూసుకోండి.

విడి ఖాతాలు కావడంలో మీకు ఒక మేలు కూడా ఉంది. రెండో కార్డు మీద వడ్డీ నడుస్తున్నా, మొదటి కార్డు బిల్లు పూర్తిగా కడుతున్నంతకాలం దానిమీద వడ్డీ లేని గడువు మీకు ఉంటుంది. కాబట్టి ఇంటి ఖర్చులు మొదటి కార్డు మీదే ఉంచండి. రెండో కార్డు మీద పాల ప్యాకెట్టు కూడా కొనవద్దు. పాత బాకీ ఉన్న కార్డు మీద కొత్తగా ఏది కొన్నా, కొన్న రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది.

ఇక ఆ 4,600 సంగతి. మీరు పంపిన బిల్లులో వడ్డీ నెలకు 3.5 శాతం. 92,000 మీద అది 3,220. దానిమీద 18 శాతం జీఎస్టీ, మరో 580. అంటే 3,800 వడ్డీకి, పన్నుకే పోతోంది. అసలులో తగ్గేది 800. ఎనిమిది నెలల్లో మీరు 36,800 కట్టారు. బాకీ 92,000 నుంచి దాదాపు 84,600కు వచ్చింది. అంటే 29,400 రూపాయలు అసలుకు చేరనే లేదు. ఈ అంకె రాయడానికి నాకు మనసు రాలేదు గానీ, మీకు తెలియాలి. కనీస మొత్తం కడితే ఆలస్య రుసుము పడదు, బ్యాంకు మిమ్మల్ని ఎగవేతదారు అనదు. అంతవరకే దాని ఉపయోగం.

సహోద్యోగి చెప్పిన స్వైప్ దారి గురించి మాత్రం నేను గట్టిగా చెబుతాను. దయచేసి అటు వెళ్లకండి. ఏమీ కొనకుండానే కొన్నట్టు బిల్లు కొట్టి, నూటికి రెండో రెండున్నరో పట్టుకుని నగదు ఇచ్చే దుకాణాలు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. నూటికి రెండున్నర అనుకుంటే 84,600కు 2,115 రూపాయలు. అది ఒక్కసారితో ఆగదు. వచ్చే నెల కొత్త కార్డు బిల్లు కట్టడానికి మళ్లీ తిప్పాలి. ఏడాది తిప్పితే పాతిక వేలు ఆ దుకాణానికి పోతాయి, బాకీ ఉన్నచోటే ఉంటుంది. బ్యాంకు నిబంధనలకు ఇది విరుద్ధం. పసిగడితే కార్డు ఆపేస్తారు. ఆపిన నెల మొత్తం బాకీ ఒక్కసారిగా మీ మీద పడుతుంది. రొటేషన్ అని తేలిగ్గా పిలిచే ఈ పనిలో జీతగాళ్లు ఎందరో కూరుకుపోయారు. మీరు అందులో పడకూడదని నా కోరిక.

మీ ముందున్న దారులు నాకు కనిపించినంతవరకు చెబుతాను. ఎంచుకోవలసింది మీరే.

ఒకటి, ఆ బాకీని అదే బ్యాంకులో వాయిదాలుగా మార్చుకోవడం. దీనికి వడ్డీ సాధారణంగా కార్డు వడ్డీలో సగం కంటే తక్కువే ఉంటుంది. ఏడాదికి 18 శాతం అనుకుని లెక్క వేశాను. 24 నెలలకు పెట్టుకుంటే వాయిదా 4,224 రూపాయలు, దానికి వడ్డీ మీద జీఎస్టీ కలిస్తే మొదటి నెల 4,450 దాకా అవుతుంది, తర్వాత కొంచెం కొంచెం తగ్గుతుంది. మీరు ఇప్పుడు కడుతున్నదానికంటే అది తక్కువ. పైగా రెండేళ్లకు తీరిపోతుంది. 12 నెలలకైతే 7,756. తమ్ముడు పంట డబ్బులోంచి నెలకు మూడు వేల లెక్కనైనా కలిపితే ఇది మీకు అందుబాటులోనే ఉంటుంది, వడ్డీ కూడా సగానికి సగం తగ్గుతుంది. మీ బ్యాంకు రేటు, ప్రాసెసింగ్ రుసుము, ముందే తీర్చేస్తే అదనపు రుసుము ఉందా అన్నవి అడిగి ఒప్పుకోండి. ఒక లోటు కూడా చెప్పాలి. వాయిదాలుగా మార్చినా అంతమేరకు పరిమితి బిగిసే ఉంటుంది, కట్టినకొద్దీ తెరుచుకుంటుంది. అందువల్ల ఆసుపత్రి వంటి అవసరాలకు కార్డును నమ్ముకోకుండా, కొంత నగదు విడిగా పెట్టుకోవాలి.

రెండోది బంగారం. బంగారం మీద రుణానికి బ్యాంకుల్లో వడ్డీ కార్డుతో పోలిస్తే చాలా తక్కువ. కానీ ఎవరి బంగారం? మీ నగ తాకట్టు పెడితే తమ్ముడి అప్పు ఇంకా లోతుగా మీదవుతుంది. అదీగాక మెడలో నగ లేకపోతే మీ వారు అడగరా? ఒక రహస్యాన్ని కాపాడుకోవడానికి ఇంకో రహస్యం అవసరమవుతుంది. అదే మీ తమ్ముడు తన ఇంట్లో బంగారం పెట్టి, తన పేరున వ్యవసాయానికి రుణం తీసుకుంటే అది న్యాయంగా ఉంటుంది. అతనికి భూమి ఉంది, పట్టాదారు పాసు పుస్తకం ఉంది, పంట రుణం అడిగే హక్కు ఉంది. మీ మరదలు పొదుపు సంఘంలో ఉంటే అక్కడ దొరికే రుణం వడ్డీ కూడా దీనికంటే ఎంతో నయం. నన్నడిగితే అన్నింటికంటే మంచి దారి ఇదే. మోటారు అతని పొలంలో నీళ్లు తోడుతోంది, దాని అప్పు అతని పేరున ఉండటమే సహజం. అయితే ఇది అతను ఒప్పుకుంటేనే జరుగుతుంది. ఒప్పుకునేదాకా కార్డు వడ్డీ ఆగదు. అందుకే ముందు వాయిదాలుగా మార్చేయండి, రుణం వచ్చినప్పుడు మిగిలినది తీర్చేయవచ్చు.

మూడోది మీరు రాయలేదు గానీ, విసిగిపోయినప్పుడు ఎవరికైనా తోస్తుంది: కట్టడం మానేసి, వాడే చూసుకుంటాడని వదిలేయడం. మీ జీతం కూడా ఆ బ్యాంకులోనే పడుతుందని మరచిపోకండి. కార్డు బాకీ ఎగ్గొడితే అదే బ్యాంకులోని పొదుపు ఖాతాలో అంతమేరకు డబ్బు పట్టి ఉంచే వీలు బ్యాంకుకు ఉంటుంది. తమ్ముడు వాడినా, పిన్ మీరే చెప్పారు కాబట్టి బాకీ చట్టం దృష్టిలో పూర్తిగా మీది. తర్వాత కొంత తగ్గించి సెటిల్‌మెంట్ చేసుకుందామన్నా, ఆ మాట మీ అప్పుల చరిత్ర చూపే క్రెడిట్ నివేదికలో ఏళ్ల తరబడి కనిపిస్తుంది. ఇంటి రుణం ఆలోచన ఉన్నవాళ్లకు అది పెద్ద దెబ్బ.

మూడు కార్డులూ మూసేయాలా అన్నారు. తొందరపడవద్దు. మొదటి కార్డు 2020 నుంచి క్రమంగా కట్టిన చరిత్ర ఉన్నది. దాన్ని ఉంచుకోండి. ఇంటి రుణం ఇచ్చేవాళ్లు అలాంటి చరిత్రనే చూస్తారు. మూడోది మూసేయండి. పరిమితి ఉమ్మడిదైతే ఒక కార్డు తగ్గించినంత మాత్రాన మొత్తం పరిమితి సాధారణంగా తగ్గదు. వేరు వేరు బ్యాంకుల కార్డులైతే ఒకటి మూసినప్పుడు దాని పరిమితి పోతుంది, మిగతా వాటిపై వాడకం శాతం పెరుగుతుంది. ఒకే బ్యాంకు కార్డులు ఉన్నవాళ్లకు ఈ బెడద తక్కువ. రెండోది బాకీ తీరాక మూయవచ్చు, ఉంచుకోనూ వచ్చు. ఈలోగా ఈ పని ఇవాళే చేయండి: ఆ కార్డును తమ్ముడి దగ్గర నుంచి తీసుకోండి, పిన్ మార్చండి, యాప్‌లో దుకాణం, ఆన్‌లైన్, యూపీఐ లావాదేవీలన్నీ ఆపేయండి. అతని ఫోనులో మీ కార్డు యూపీఐకి జోడించి ఉందేమో చూసి తీసేయించండి.

మీ బాకీ ఇప్పుడు పరిమితిలో నూటికి 70 దాకా ఉంది. 30 లోపు ఉంటే మేలని రుణాల రంగంలో అందరూ చెప్పే మాట. ఇది తగ్గినకొద్దీ మీ క్రెడిట్ స్కోరు, అంటే అప్పులు తీర్చే తీరును బట్టి వేసే మార్కు, కోలుకుంటుంది. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అనే నాలుగు సంస్థలు క్రెడిట్ నివేదికలు తయారుచేస్తాయి. ప్రతి సంస్థ ఏడాదికి ఒకసారి పూర్తి నివేదిక ఉచితంగా ఇవ్వాలి. ఈ వారమే తీసుకుని చూడండి. మూడు కార్డులూ మూడు ఖాతాలుగా కనిపిస్తాయి. పరిమితి, బాకీ, కట్టిన తేదీలు సరిగ్గా ఉన్నాయో లేదో పోల్చుకోండి. తప్పు ఉంటే ఇప్పుడే దిద్దించుకోవాలి, ఇంటి రుణం దరఖాస్తు పెట్టాక కాదు. అప్పటిదాకా కొత్త కార్డులకు, కొత్త రుణాలకు నాలుగు చోట్ల దరఖాస్తు చేయవద్దు. ప్రతి దరఖాస్తూ నివేదికలో నమోదవుతుంది.

ఇక్కడే మీ వారి విషయం వస్తుంది. ఇంటి రుణానికి ఇద్దరూ కలిసి దరఖాస్తు పెడితే బ్యాంకు ఇద్దరి నివేదికలూ తెప్పిస్తుంది. ఆ బాకీ మేనేజరు బల్ల మీద బయటపడుతుంది. చెప్పాలా వద్దా అన్నది ఇప్పుడు మీ చేతిలో లేదు. ఎవరు చెబుతారు, ఎప్పుడు చెబుతారు అన్నదే మీ చేతిలో ఉంది. ఆయనకు కోపం వస్తుంది. ఆసుపత్రిలో యంత్రం పాడైందన్న మాట గుర్తొచ్చి ఇంకా నొచ్చుకుంటారు కూడా. కానీ మీరు ఉత్తరంలో ఆయన గురించి రాసిన నాలుగు మాటలు చదివితే, అత్తగారిని ఇద్దరూ కలిసి చూసుకుంటున్న తీరు చూస్తే, మొదటి రోజు గడిస్తే ఆయన మీ పక్కనే కూర్చుని లెక్క చూస్తారని నాకు గట్టిగా అనిపిస్తోంది. చెప్పేటప్పుడు బాకీ ఒక్కటే చెప్పకుండా, వాయిదాలకు మార్చిన కాగితం, కార్డు వెనక్కి తీసుకున్న సంగతి కూడా ఎదురుగా పెట్టండి. చెప్పకుండా ఏడాది నెట్టుకొద్దామనుకుంటే అదీ ఒక దారే. అయితే ఇంటి రుణం మాట ఆయన ఎప్పుడు ఎత్తుతారో అని రోజూ భయపడుతూ బతకాలి. ఈ ఎనిమిది నెలల్లో ఆ భయం ఎలా ఉంటుందో మీకు తెలిసింది.

రాఖీ కట్టిన చేత్తో నోటు రాయించుకోవాలా అన్నారు. ఆ ప్రశ్న దగ్గర నేను చాలాసేపు ఆగాను. అక్క మీద ప్రేమ ఉన్న తమ్ముడు తన మోటారు కోసం అక్క నెలకు 3,800 వడ్డీ కడుతోందని తెలిస్తే ఊరుకోగలడా? అతనికి ఈ సంగతి తెలుసని నాకు అనిపించడం లేదు. 92,000 ఇచ్చారు, వీలైనప్పుడు ఇస్తాను అన్నంతవరకే అతని మనసులో ఉండి ఉంటుంది. కాబట్టి ముందు బిల్లులు చూపించండి. ఇంటికి పిలిచో, మీరే దేవరకద్ర వెళ్లో, మరదలు కూడా ఉన్నప్పుడు నెమ్మదిగా చూపించండి. అమ్మ ఉండాలా వద్దా అన్నది మీ ఇష్టం. ఆమె ఉంటే మాట తొందరగా తమ్ముడి కష్టం మీదికి మళ్లవచ్చు. అతని కష్టం నిజమైనదే. బోరు మీద ఆధారపడిన పాలమూరు రైతుకు మోటారు కాలితే ఆ పంట మొత్తం ప్రమాదంలో పడుతుంది. మీరు సాయం చేయడంలో తప్పులేదు. సాయం ఏ డబ్బుతో చేశారన్నదే చిక్కు తెచ్చింది.

అతనికి నెల జీతం లేదు, పంట చేతికొచ్చినప్పుడే డబ్బు కనిపిస్తుంది. అందువల్ల నెల వాయిదా అడిగితే మొదటి నెలే మాట తప్పుతాడు. బాదేపల్లి మార్కెట్లో వేరుశనగ అమ్మిన వారంలో ఇంత, వానాకాలం పంట అమ్మాక ఇంత, రైతు భరోసా పడినప్పుడు ఇంత అని అతని డబ్బు వచ్చే తేదీలకు కట్టి ఒప్పుకోండి. దాన్ని ఒక కాగితం మీద రాసి ఇద్దరూ సంతకాలు చేస్తే చాలు. కోర్టుకు వెళ్లే ఉద్దేశం లేనప్పుడు ప్రామిసరీ నోటు వల్ల బంధం బిగుసుకోవడమే తప్ప పెద్దగా ఒరిగేది ఉండదు. ఒకవేళ నోటే రాసుకుంటే, దాని గడువు మూడేళ్లని గుర్తుంచుకోండి. మీరు ఇప్పటికే కట్టిన 36,800 వదులుకుంటారా, అడుగుతారా అన్నది ఆ రోజే తేల్చుకోవడం మంచిది. వదులుకుంటే మనస్ఫూర్తిగా వదులుకోండి, పండగ పూట గుర్తుచేయకండి. అడిగే ఉద్దేశం ఉంటే ఇప్పుడే ఆ కాగితంలో చేర్చండి. అతను అసలు ఒప్పుకోకపోతే? అప్పుడు 24 నెలల వాయిదా మీదే. అది తమ్ముడికి చేసిన సాయంగా లెక్క వేసుకుని, మళ్లీ కార్డు అడిగితే లేదని చెప్పగలగాలి. సాయం చేయాలనిపిస్తే చేతిలో ఉన్న నగదులో ఎంత పోయినా ఫరవాలేదో అంతే ఇవ్వండి.

చివరగా మూడో కార్డు. అడగని కార్డు ఇవ్వకూడదని రిజర్వు బ్యాంకు నిబంధనలు స్పష్టంగా చెబుతున్నాయి. ఇచ్చిన కార్డును 30 రోజులకు మించి వాడకంలోకి తేకపోతే బ్యాంకు ఓటీపీ ద్వారా మీ సమ్మతి అడగాలి. ఇవ్వకపోతే ఖర్చు లేకుండా మూసేయాలి. సమ్మతి లేకుండా ఇచ్చి రుసుము వేస్తే, అది వెనక్కి ఇవ్వడమే కాకుండా దానికి రెట్టింపు కూడా చెల్లించాలి. అయితే పాస్‌బుక్ పని రోజున "ఏదో ఓటీపీ అడిగితే చెప్పాను" అని మీరే రాశారు. బ్యాంకు దాన్ని సమ్మతి అనవచ్చు. అందుకే రెట్టింపు మాటతో మొదలుపెట్టకుండా, "ఏ దరఖాస్తు మీద, ఏ సమ్మతితో ఈ కార్డు ఇచ్చారో చూపించండి, 590 వెనక్కి వేయండి, కార్డు మూసేయండి" అని రాసి పంపండి. పొరపాటున పడిన 6,200 అందులోంచి బయటికి వచ్చిందని చూసుకుని, బాకీ సున్నా అయ్యాకే మూసివేత కోరండి. బాకీ లేని కార్డును అడిగిన ఏడు పని దినాల్లో మూయాలి. ఆలస్యమైతే రోజుకు 500 రూపాయల చొప్పున బ్యాంకు మీకు చెల్లించాలి. ఫిర్యాదు నంబరు రాసిపెట్టుకోండి. 30 రోజుల్లో సరైన జవాబు రాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. 14448కు ఫోను చేస్తే ఎలా పంపాలో చెబుతారు. మిగిలే రెండు కార్డులకూ బిల్లు తేదీ ఒకటే ఉండేలా మార్చమని అదే ఉత్తరంలో అడగండి. కనీసం ఒకసారి ఆ మార్పు కోరే హక్కు మీకుంది. మొదటి కార్డుకు ఆటో డెబిట్ పెట్టేటప్పుడు "కనీస మొత్తం" కాకుండా "పూర్తి మొత్తం" ఎంచుకున్నారో లేదో ఒకసారి సరిచూసుకోండి.